వ్యసనం, వ్యాధి, కెమెరా: ఒక ఫొటో ఎప్పుడు అవమానమవుతుంది, ఎప్పుడు కళ అవుతుంది?

పంట కాలువ గట్టు మీద ఒళ్లు తెలియకుండా పడి ఉన్న మనిషిని దారిన పోయేవారెవరో ఫోన్‌లో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతారు. చీకటి పడేలోగా ఆ వీడియో అతని కూతురి ఫోన్‌కు కూడా చేరుతుంది. గోదావరి డెల్టాలో ఏ ఊరిలోనైనా జరగగల సంగతి ఇది. ఇంచుమించు ఇటువంటి దృశ్యమే 1997లో లండన్‌లోని రాయల్ అకాడమీ గోడల మీద పెద్ద పెద్ద ఫొటోలుగా వేలాడింది. తాగి మరుగుదొడ్డి పక్కన కూలబడిన ముసలాయనను అందులో చూపించింది ఆయన కన్నకొడుకే. మొదటిదానిని సిగ్గుమాలిన పని అంటున్నాం, రెండోదానిని ఆర్ట్ ఫొటోగ్రఫీ అంటున్నారు. రెండింటిలోనూ ఉన్నది తాగిన మనిషే అయినప్పుడు ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో, అసలు తేడా ఉన్నదో లేదో విడమరిచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డెల్టాకు ఈ ప్రశ్న కొత్తగానూ, కాస్త ఇబ్బందిగానూ ఎదురవుతుంది. మన ప్రాంతాన్ని ఫొటో తీసేవారు సాధారణంగా కొబ్బరి తోటల కోసం, లంకల మీద మంచు కోసం, రేవు దాటే పంటు కోసం వస్తారు. పచ్చదనం తప్ప మరొకటి చూపిస్తే ఊరి పరువు తీశారన్న మాట వెంటనే వస్తుంది. తాగుడు, కామెర్లు, ఉబ్బిన పొట్ట, వణికే చేతులు ఫొటోకు తగిన విషయాలని ఇక్కడ ఎక్కువమంది అనుకోరు.

ఒకే కాలు, నాలుగు రకాల ఫొటోలు

ముందుగా ఏ రకం ఫొటోను ఏమంటున్నామో తేల్చుకోవాలి. డెల్టావాసులకు బాగా తెలిసిన బోదకాలునే తీసుకుందాం. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఒంట్లో చేరే సన్నని పురుగులు శోషరస నాళాలను దెబ్బతీస్తాయి, కాలు వాచేది ఎన్నో ఏళ్లు గడిచాక. ఈ పురుగు పిల్లలు రక్తంలో రాత్రిపూట ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి ఆరోగ్య సిబ్బంది రాత్రి వేళల్లో ఇల్లిల్లూ తిరిగి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుంటారు. ఇప్పుడు ఒకావిడకు ఈ జబ్బు ఉన్నదనీ, ఆమె కాలును నలుగురు ఫొటో తీశారనీ అనుకుందాం.

వైద్యుడు తీసిన ఫొటోలో మోకాలి నుంచి పాదం దాకా మాత్రమే ఉంటుంది. ముఖం ఉండదు, ఉండకూడదు కూడా. వాపు ఎంత ఉందో, చర్మం ఎలా మడతలు పడిందో తరువాతి పరీక్షతో పోల్చుకోవడానికి అది రికార్డు. ఆరోగ్య ప్రచారం కోసం అదే కాలును గోడ పత్రిక మీదకు ఎక్కించి, కింద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక రాస్తారు. మాత్ర మింగకపోతే మీకూ ఇంతే అని భయపెట్టడం దాని పని. పత్రికా విలేఖరి తీసిన ఫొటోలో ఆవిడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ముందు వరుసలో నిలబడి ఉంటుంది. ఆనాటి వార్తకు అది సాక్ష్యం. నాలుగో వ్యక్తి ఆవిడ ఇంటికి పదేపదే వెళ్తాడు. వాకిట్లో ముగ్గు వేస్తూ వంగినప్పుడు, మనవరాలికి జడ వేస్తూ అరుగు మీద కూర్చున్నప్పుడు తీస్తాడు. చీర కుచ్చిళ్లు కాలిని కప్పాలా, కొంచెం పైకి తీయాలా అన్నది ఆవిడే నిర్ణయిస్తుంది. ఆ ఫొటోలన్నీ ఒక వరుసలో చూస్తే మొదట కనిపించేది ఆమె, కాలు ఆమెలో ఒక భాగం.

ఈ నాలుగో పనినే ఆర్ట్ ఫొటోగ్రఫీ అంటున్నాం. దానికి ముందే నిర్ణయించిన ఒక్క సందేశం ఉండదు. ఫొటోలు విడివిడిగా కాక ఒకదాని పక్కన ఒకటి నిలిచి అర్థమిస్తాయి, తీసినవారి చూపు, వారికి ఆ మనిషితో ఉన్న సంబంధం దాచిపెట్టకుండా కనిపిస్తాయి. అయితే కళ అన్న పేరు మంచితనానికి హామీ కాదు. గ్యాలరీలో వేలాడిన ఫొటో కూడా మనిషిని గోడ పత్రిక మీది కాలంత హీనంగా మార్చగలదు, పల్లెటూరి స్టూడియోలో తీసిన సాదా ఫొటో ఆ మనిషికి ఎంతో గౌరవం ఇవ్వగలదు.

తాగుడు జబ్బా, తప్పా, వ్యాపారమా

వైద్యశాస్త్రం తాగుడుకు బానిస కావడాన్ని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తిస్తుంది. తాగాలన్న యావ అదుపు తప్పడం, అదే మత్తుకు ముందుకంటే ఎక్కువ తాగవలసి రావడం, మానగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం, కొందరిలో ఫిట్స్ రావడం, లేనివి కనిపించడం, ఇల్లు గుల్లవుతున్నా ఆపలేకపోవడం దాని గుర్తులు. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో దాదాపు 5.7 కోట్ల మందికి మద్యం వల్ల కలిగిన సమస్యలకు సాయం అవసరం.

ఇంట్లోవారికి ఇది జబ్బులా కనిపించదు. పుస్తెలు తాకట్టుకు వెళ్లినప్పుడు, కౌలు డబ్బు బెల్టు షాపులో కరిగిపోయినప్పుడు భార్యకు కనిపించేది తప్పే, ఆ కోపం న్యాయమైనదే. మూడో చూపు కూడా ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో సారాకు ఎదురు తిరిగిన స్త్రీలు తాగినవాణ్ణి నిలదీయడంతో ఆగకుండా, అమ్మేవాణ్ణీ, సారా అమ్మకాన్ని వేలం వేసే ప్రభుత్వాన్నీ నిలదీశారు. ఆ ఉద్యమ ఫలితంగానే 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే, 1997లో, ఆ రెండో నిషేధాన్ని సడలించారు.

ఫొటో తీసేవారు ఈ మూడు చూపుల్లో ఏదో ఒకదాని వైపు తమకు తెలియకుండానే నిలబడతారు. గట్టు మీద పడి ఉన్న మనిషిని పైనుంచి తీస్తే అది తప్పును చూపించే ఫొటో. మందు మానిన మూడో రోజున టీ గ్లాసు పట్టుకోలేక వణికే చేతులను తీస్తే జబ్బును చూపించే ఫొటో. కిరాణా కొట్టు వెనుక గది తలుపును, అక్కడ పేరుకుపోయిన క్వార్టరు సీసాలను తీస్తే వ్యాపారాన్ని చూపించే ఫొటో. మూడూ నిజమే, కానీ వాట్సాప్‌లో తిరిగేది మాత్రం ఎప్పుడూ మొదటిదే.

ఇంటి ఆల్బమ్‌లో చోటు లేనివి

మన ఇళ్లలో ఫొటోలు ఏ సందర్భాల్లో తీయించుకుంటామో గుర్తు తెచ్చుకుంటే ఈ కళ దేనికి ఎదురు నిలిచిందో తెలుస్తుంది. బారసాల, ఓణీల ఫంక్షను, పెళ్లి, గృహప్రవేశం, ఆ తరువాత ఏకంగా దండ వేసిన ఫొటో. మధ్యలో మంచాన పడిన ఏడాది ఉండదు. పెద్దకర్మకు వీధి మలుపులో కట్టే ఫ్లెక్సీ మీద కూడా పాత పెళ్లి ఫొటోలోని ముఖాన్నే కత్తిరించి పెడతారు, జబ్బు తిన్న ముఖాన్ని పెట్టరు. జబ్బుమనిషిని ఫొటో తీస్తే ఆయుష్షు తరుగుతుందని అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు.

బ్రిటన్‌లో జో స్పెన్స్ ఈ వెలితినే పట్టుకుంది. ఆమె మొదట వీధి స్టూడియో నడిపి పెళ్లి ఫొటోలు, కుటుంబ ఫొటోలు తీసి బతికిన మనిషి. కుటుంబ ఆల్బమ్ పండుగలను మాత్రమే భద్రపరిచి, జబ్బును, కలహాన్ని, చాకిరీని చెరిపేస్తుందని 1970ల చివర్లోనే ఆమె వాదించింది. 1982లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆసుపత్రికి వెళ్లే ముందు తన రొమ్ము మీద ‘జో స్పెన్స్ ఆస్తి?’ అని, ఆ ప్రశ్నార్థకంతో సహా, సిరాతో రాసుకుని ఫొటో తీయించుకుంది. ఆ ఒక్క గుర్తులోనే ఆమె వాదమంతా ఉంది. ఆసుపత్రి మంచం ఎక్కాక ఈ శరీరం ఎవరి అధీనంలో ఉంటుంది, దాని గురించి ఎవరు నిర్ణయిస్తారు, నన్ను అడుగుతారా అన్నదే ఆ ప్రశ్న. 1980ల మధ్యలో రోజీ మార్టిన్‌తో కలిసి ఆమె ఫొటో థెరపీ అనే పద్ధతిని రూపొందించింది. ఇద్దరూ వంతులవారీగా కెమెరా ముందుకు వచ్చి, తల్లిలా, చంటిపిల్లలా, రోగిలా వేషం కట్టి, తమ బాధాకరమైన ఘట్టాలను మళ్లీ నటించి ఫొటోలు తీసుకునేవారు. 1992లో లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో మరణించేదాకా ఆమె ఆ పని మానలేదు.

అమెరికాలో హన్నా విల్కీ కూడా లింఫోమా అనే క్యాన్సర్‌కు చికిత్సలో జుట్టు ఊడి, ఒంటి నిండా కట్లతో ఉన్న తన శరీరాన్ని నిలువెత్తు రంగు ఫొటోల్లో చూపించింది. యవ్వనంలో తన అందమైన దేహాన్నే కళకు వస్తువు చేసుకున్న మనిషి, జబ్బు వచ్చాక దానిని దాచడానికి ఒప్పుకోలేదు. ఆమె 1993లో మరణించింది.

వ్యసనాన్ని లోపలినుంచి తీసినవారు

వ్యసనం విషయంలో ముందుగా చెప్పుకోవలసిన పేరు నాన్ గోల్డిన్. 1953లో పుట్టిన ఈమె న్యూయార్క్‌లో తన స్నేహితుల మధ్య బతుకుతూ, వారి ప్రేమలను, దెబ్బలాటలను, హెరాయిన్‌ను, ఆసుపత్రి మంచాలను ఫొటోలు తీసింది. వాటిని స్లైడ్లుగా పాటలతో కలిపి చూపించేది. ‘ద బ్యాలడ్ ఆఫ్ సెక్సువల్ డిపెండెన్సీ’ పేరుతో 1986లో పుస్తకంగా వచ్చాయి. బయటినుంచి వచ్చి తొంగిచూసిన చూపు అందులో లేదు. ప్రియుడి చేతిలో దెబ్బలు తిన్న నెలకు, ఇంకా ఎర్రగా ఉన్న కంటితో, ఎర్రని లిప్‌స్టిక్ వేసుకుని నేరుగా కెమెరాలోకి చూస్తున్న తన ముఖాన్ని కూడా ఆమె ఆ వరుసలోనే పెట్టింది.

1988లో ఆమె మత్తు మానడానికి చికిత్సలో చేరింది. అంతకుముందు ఫొటోల్లో ఎక్కువగా గదులు, రాత్రులు, ఫ్లాష్ వెలుగు ఉంటాయి. చికిత్స కాలంలో తీసుకున్న స్వీయచిత్రాల్లో కిటికీలోంచి పడే పగటి వెలుగు ప్రవేశించింది. మానడం అంటే ఏమిటో మాటల్లో చెప్పలేనిది ఆ వెలుగు మార్పు చెబుతుందని నాకు అనిపిస్తుంది. పగటిపూట మెలకువగా ఉండడమే ఆ మనిషికి కొత్త. మరుసటి ఏడాది ఆమె ఆప్తురాలు, రచయిత్రి కుకీ మ్యూలర్ ఎయిడ్స్‌తో మరణించింది. కావలసినన్ని ఫొటోలు తీస్తే మనుషులను పోగొట్టుకోనని ఒకప్పుడు నమ్మాననీ, అవే ఫొటోలు ఎంత పోగొట్టుకున్నానో చూపిస్తున్నాయనీ గోల్డిన్ తరువాత చెప్పింది.

ఆమె కథ అక్కడితో ఆగలేదు. 2014లో మణికట్టు శస్త్రచికిత్సకు నొప్పి మాత్రగా రాసిచ్చిన ఆక్సీకాంటిన్‌కు ఆమె బానిసైంది. కోలుకున్నాక 2017లో ‘పెయిన్’ అనే బృందాన్ని స్థాపించి, ఆ మాత్రను తయారుచేసిన పర్డ్యూ ఫార్మా యజమానులైన శాక్లర్ కుటుంబం కళా సంస్థలకు ఇస్తున్న విరాళాలను ప్రశ్నించింది. 2018 మార్చిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని శాక్లర్ విభాగంలో, ఈజిప్టు దేవాలయం ముందున్న నీటి మడుగులోకి ఆ బృందం నారింజ రంగు మాత్రల సీసాలను విసిరింది. 2019లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం, 2021 డిసెంబరులో మెట్రోపాలిటన్ ఆ పేరును తమ గోడలపై నుంచి తొలగించాయి. పైన చెప్పిన మూడు చూపుల్లో జబ్బు చూపునుంచి వ్యాపారపు చూపుకు ఒక్క మనిషి జీవితంలోనే జరిగిన ప్రయాణం ఇది. దూబగుంట స్త్రీలు నడిచిన దారీ ఇదే. వారి చేతిలో కెమెరా లేదు.

స్కాట్లండ్‌కు చెందిన గ్రాహం మెకిండో హెరాయిన్‌కు బానిసై ఉన్న కాలంలో చౌక డిజిటల్ కెమెరాను టైమర్ మీద పెట్టి తనను తాను తీసుకున్నాడు. సూది గుచ్చుకునేటప్పుడు, మత్తులో తల వాలిపోయినప్పుడు తీసిన ఆ ఫొటోల్లో కొన్ని 2017లో ఎడిన్‌బరోలోని స్కాటిష్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ప్రదర్శనకు వచ్చాయి. అతను వాటిని ఎంచింది కోలుకున్న తరువాత. తీసినప్పటి మనిషి, చూపించడానికి ఒప్పుకున్న మనిషి ఒకే శరీరంలోని ఇద్దరు. సమ్మతి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

వీరందరికంటే ముందు, 1971లోనే, లారీ క్లార్క్ అమెరికాలోని తన ఊరు టల్సాలో తనతోపాటు మత్తు సూదులు తీసుకున్న కుర్రాళ్ల ఫొటోలను పుస్తకంగా తెచ్చాడు. మన దేశంలో పాబ్లో బార్తలోమ్యూ 1970ల మధ్యలో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, మార్ఫిన్‌కు అలవాటుపడిన మనుషులపై తీసిన ఫొటోల వరుసకు వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది.

తండ్రిని తీసిన కొడుకు, తల్లిని తీసిన కొడుకు

మొదట్లో చెప్పిన ముసలాయన పేరు రే, కొడుకు రిచర్డ్ బిల్లింగ్‌హామ్. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ పరిసరాల్లో, ఒక ప్రభుత్వ ఫ్లాట్‌లో ఉద్యోగం పోయిన రే పగలూ రాత్రీ ఇంట్లో కాచిన మద్యం తాగుతూ గడిపేవాడు. చిత్రకళ చదువుతున్న రిచర్డ్ తండ్రి బొమ్మలు వేయడానికి నమూనాలుగా మాత్రమే ఆ ఫొటోలు తీశాడు. దొరికినవాటిలో చౌక ఫిల్ము వాడి, చౌకగా కడిగే చోట కడిగించాడు. అందుకే వాటిలో ఫ్లాష్ ముఖం మీద కొట్టినట్టు పడుతుంది, కొన్ని మసకగా ఉంటాయి. 1996లో ‘రేస్ ఎ లాఫ్’ పేరుతో పుస్తకమయ్యాక అవి ప్రపంచమంతా చూసిన ఫొటోలయ్యాయి.

దీనిపై రెండు అభిప్రాయాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. పేదల ఇంటి చెత్తను, మరకలను ధనికుల గోడలకు ఎక్కించి, తండ్రి దైన్యాన్ని అమ్ముకున్నాడన్నది ఒకటి. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన కొడుకు జాలిని, తీర్పును పక్కన పెట్టి తల్లిదండ్రులను ఉన్నది ఉన్నట్టు చూశాడనీ, బయటివారెవరికీ సాధ్యం కానంత దగ్గరితనం వాటిలో ఉన్నదనీ రెండోది. ఫొటోలను ఒక్కొక్కటిగా కాక వరుసగా చూసినప్పుడు నాకు రెండో వాదనలోనే బలం కనిపిస్తుంది. కూలబడిన రే కొన్ని ఫొటోల్లోనే ఉంటాడు. మిగతావాటిలో తల్లి లిజ్ పూల గౌను వేసుకుని జిగ్‌సా ముక్కలు పేర్చుకుంటుంది, పిల్లి గాలిలోకి ఎగురుతుంది, భార్యాభర్తలు సోఫాలో ఆనుకుని కూర్చుంటారు. కూలబడిన ఒక్క ఫొటోను తీసి విడిగా వేలాడదీస్తే మాత్రం మొదటి వాదన నిజమైపోతుంది.

మన దేశపు ఫొటోగ్రాఫర్ సోహ్రాబ్ హురా తల్లికి 1999లో స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి అని తేలింది. ఎవరినీ ఇంటికి రానివ్వని ఏళ్లు, తల్లి, ఆమె పెంపుడు కుక్క, పెచ్చులూడిన గోడలు అతని ‘లైఫ్ ఈజ్ ఎల్స్‌వేర్’ పుస్తకంలో నలుపు తెలుపుల్లో ఉన్నాయి. అది 2015లో వచ్చింది. 2018లో వచ్చిన తరువాతి పుస్తకం రంగుల్లో ఉంటుంది, తల్లి కుదుటపడుతున్న కాలానిది. జబ్బు ఒక్క క్షణం కాదు, ఏళ్ల తరబడి సాగేది అన్నది వార్తా ఫొటోకు దొరకదు, ఇలాంటి వరుసకు దొరుకుతుంది.

బయటివారు తీసినప్పుడు వచ్చిన అభ్యంతరం

1988లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో నికొలస్ నిక్సన్ ప్రదర్శన జరిగింది. అందులో ఎయిడ్స్‌తో క్షీణిస్తున్న మనుషులను వారాల తరబడి, నెలల తరబడి తీసిన ఫొటోలు ఉన్నాయి. అతను అనుమతి తీసుకున్నాడు, పెద్ద ఫార్మాట్ కెమెరాతో ఎంతో శ్రద్ధగా తీశాడు. అయినా ఎయిడ్స్ ఉద్యమ సంస్థ యాక్ట్ అప్ సభ్యులు అక్కడికి వచ్చి, సందర్భం లేని ఫొటోలు ఇక వద్దని కరపత్రాలు పంచారు. ఎయిడ్స్ అంటే మంచాన పడి ఒంటరిగా చనిపోవడమే అన్నట్టుందనీ, ఈ జబ్బుతో పనిచేస్తూ, పోరాడుతూ, ప్రేమిస్తూ బతుకుతున్నవారు ఎక్కడనీ వారు అడిగారు. నిక్సన్‌ను సమర్థించినవారు అతను చావును దాచకుండా చూపించాడన్నారు. ఎయిడ్స్ మాట ఎత్తడానికే జనం భయపడుతున్న రోజుల్లో ఒక్కొక్క ముఖాన్ని, పేరుతో సహా, చూసేవారి ఎదుట నిలబెట్టడం చిన్న పని కాదని గుర్తు చేశారు. ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు హెచ్ఐవి వ్యాప్తి ఎక్కువగా ఉన్న 6 రాష్ట్రాలలో ఒకటి కాబట్టి ఈ వివాదం మనకు దూరపుది కాదు. మన గోడల మీద ఆ జబ్బుకు గుర్తుగా చాలాకాలం పుర్రె బొమ్మే ఉండేది.

థెరీస్ ఫ్రేర్ 1990లో అమెరికాలోని ఒహాయోలో, చనిపోతున్న డేవిడ్ కర్బీని, అతని తలను హత్తుకున్న తండ్రిని తీసింది. ఆ ఫొటో లైఫ్ పత్రికలో అచ్చయింది. 1992లో బెనెటన్ దుస్తుల సంస్థ దానికి రంగులద్ది ప్రకటనగా వాడుకున్నప్పుడు పెద్ద దుమారం లేచింది. చావును చూపి చొక్కాలు అమ్ముతున్నారని ఎయిడ్స్ సంస్థలు కొన్ని మండిపడ్డాయి. కానీ కర్బీ కుటుంబం అందుకు ఒప్పుకుంది. ఆ ప్రకటన తమ కొడుకు ముఖాన్ని మామూలుగా చేరలేని చోట్లకు చేరుస్తుందనీ, సంస్థ తమను వాడుకోవడం కాదు, తామే సంస్థను వాడుకుంటున్నామనీ తండ్రి అన్నాడు. బయటివారి కోపం, ఇంట్లోవారి సమ్మతి ఎదురెదురుగా నిలిచిన ఈ సందర్భంలో ఎవరిది సరైన మాట అన్నది తేల్చడం కష్టం.

ఫొటో నయం చేస్తుందా

కెమెరా తాగుడు మాన్పిస్తుందని, క్యాన్సర్‌ను తగ్గిస్తుందని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. మందు మానేటప్పుడు వచ్చే వణుకుకు, ఫిట్స్‌కు వైద్యుడి పర్యవేక్షణే అవసరం. కళలకు, ఆరోగ్యానికి ఉన్న సంబంధంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2019లో ఒక పెద్ద సమీక్ష వెలువరించింది. కళలు చికిత్సకు తోడుగా ఉపయోగపడతాయన్న ఆధారాలు అందులో చాలా ఉన్నాయి. తోడుగా అన్న మాటను మాత్రం మరచిపోకూడదు.

ఫొటో చేసే మేలు మరో చోట ఉంది. జబ్బుమనిషిని రోజంతా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. వైద్యుడు, నర్సు, పరామర్శకు వచ్చి పెదవి విరిచే చుట్టం, కిటికీలోంచి తొంగిచూసే పొరుగువాడు. ఆ మనిషి చేతికి కెమెరా ఇచ్చినప్పుడు చూసే పని అతనిది అవుతుంది. 1990లలో కారొలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ చైనాలోని యునాన్ పల్లెల స్త్రీలకు కెమెరాలిచ్చి, వారి బతుకును, ఆరోగ్యాన్ని వారినే తీయమని, ఆ ఫొటోలను అందరూ కూర్చుని చర్చించుకుని అధికారుల ముందు పెట్టమని ప్రోత్సహించారు. ఫొటోవాయిస్ అని పేరుపడిన ఈ పద్ధతిని ఆ తరువాత ఎన్నో దేశాలలో, ఎన్నో జబ్బుల విషయంలో వాడారు. అందులో ఫొటో ఎంత అందంగా వచ్చిందన్నది ముఖ్యం కాదు, దానిని పట్టుకుని మనిషి ఏం మాట్లాడాడన్నది ముఖ్యం.

కీడు జరిగే అవకాశమూ ఉంది. మానేసిన మనిషికి తన పాత ఫొటో మళ్లీ యావ పుట్టించవచ్చు. తాగిన రాత్రిని కూతురు తీసిన ఫొటోలో చూసుకున్న తండ్రి సిగ్గుతో మరింత ఎక్కువ తాగనూవచ్చు.

చట్టం ఎంతవరకు వస్తుంది

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, మానసిక ఆరోగ్య కేంద్రంలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫొటోను అతని సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. అదే చట్టం మద్యం, మత్తుపదార్థాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలో చేర్చింది. అదే ఏడాది వచ్చిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం ఒకరికి ఆ వ్యాధి ఉన్న సంగతిని వారి సమ్మతి లేకుండా వెల్లడించడాన్ని సాధారణంగా నిషేధించింది. కన్నకొడుకు ఇంట్లో తీసి ప్రదర్శనలో పెట్టే ఫొటో దగ్గరకు వచ్చేసరికి బరువంతా ఆ ఇంటి నిర్ణయం మీదే పడుతుంది.

డెల్టాలో ఒక ఇంటిని ఊహించి చూస్తే

పాలకొల్లు పరిసరాల్లో ఒక ఊరు అనుకుందాం. తండ్రి చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు, ఏళ్లుగా తాగుతాడు, ఈమధ్య కామెర్లు వచ్చి ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. కొడుకుకు ఫొటోగ్రఫీ మీద ఇష్టం. చెరువు గట్టు మీది పాక, మేత బస్తాల వెనుక దాచిన సీసాలు, సెలైన్ సూది గుచ్చిన చేయి, పాక ముందు తల దువ్వుకుంటున్న తండ్రి, ఇలా ఏడాదిపాటు తీసి, కొన్నింటిని రాజమహేంద్రవరంలో ప్రదర్శించాలనుకుంటాడు. అడిగితే తండ్రి, ‘నన్ను తీసుకోరా, మీ అమ్మను మాత్రం తియ్యకు’ అంటాడు.

మొదటి చిక్కు ఆ మాట ఎప్పుడు అన్నాడన్నది. తాగి ఉన్నప్పుడు ఇచ్చిన సమ్మతి లెక్కలోకి రాదు. మానేసిన కొత్తలో, కొడుకుకు ఏదో ఒకటి ఇచ్చి ఋణం తీర్చుకోవాలన్న తపనలో ఇచ్చినదాన్ని కూడా కొన్నాళ్లకు మళ్లీ అడగాలి. తీయడానికి ఒప్పుకోవడం వేరు, గోడకు తగిలించడానికి ఒప్పుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒప్పుకోవడం ఇంకా వేరు. మెకిండోలో ఉన్న ఆ ఇద్దరు మనుషులు ఈ తండ్రిలోనూ ఉంటారు, ఇద్దరినీ అడగవలసిందే.

రెండో చిక్కు దూరం. రే ఫొటో చూసిన లండన్‌వాసికి రే ఎవరో తెలియదు. రాజమహేంద్రవరంలో ప్రదర్శన చూసేవారిలో ఎవరో ఒకరికి మేనత్త ఆ ఊరికి కోడలుగా వెళ్లి ఉంటుంది. చెల్లెలికి సంబంధాలు చూస్తున్న ఇల్లయితే ఆ ఫొటోలు పెళ్లిచూపులకంటే ముందే అవతలివారి ఇంటికి చేరతాయి. ఆ పిల్లను ఎవరూ అడగలేదు, కానీ ఆ ఫొటోల ఖరీదులో ఎక్కువ భాగం కట్టేది ఆమే.

అయితే ముఖం కనిపించకుండా తీస్తే సరిపోదా అంటే, పల్లెటూరిలో మనిషిని గుర్తుపట్టడానికి ముఖం అక్కరలేదు. సైకిల్ క్యారియర్‌కు కట్టిన ఎర్ర తాడు, ముంజేతి మీది పచ్చబొట్టు, పాక మీద కప్పిన ఫ్లెక్సీలోని పాత సినిమా బొమ్మ చాలు. వాటిని కూడా తీసేస్తే మిగిలేది ఎవరిదో తెలియని వణికే చేయి. అప్పుడు అది మళ్లీ గోడ పత్రిక మీది బోదకాలు ఫొటోయే అవుతుంది, మనిషి పోయి జబ్బు మిగులుతుంది. ఈ కళ మొత్తంలో నాకు కనిపించే అసలు ముడి ఇదే. గౌరవం ఇవ్వాలంటే మనిషిని మనిషిగా చూపించాలి, కాపాడాలంటే దాచాలి. రెండూ ఒకే ఫొటోలో పూర్తిగా కుదరవు, ఎంత వదులుకోవాలో ఫొటో ఫొటోకూ తేల్చుకోవలసిందే.

మూడో చిక్కు తండ్రి పోయిన తరువాతది. యూజీన్ స్మిత్ 1971లో జపాన్‌లోని మినమాటాలో తీసిన ఫొటో ఒకటుంది. కర్మాగారం వదిలిన పాదరసం వల్ల పుట్టుకతోనే జబ్బుపడిన తొమొకోను తల్లి స్నానం చేయిస్తూ ఒడిలో పట్టుకుని ఉంటుంది. కాలుష్యానికి వ్యతిరేకంగా ప్రపంచాన్ని కదిలించిన ఫొటో అది, ఆనాడు తల్లి ఒప్పుకునే తీయనిచ్చింది. తొమొకో 1977లో మరణించింది. ఎన్నో ఏళ్లు లోకమంతా తిరిగిన తమ బిడ్డ ఇక విశ్రాంతి తీసుకోవాలని తల్లిదండ్రులు కోరారు. 1990ల చివరలో, స్మిత్‌తో కలిసి పనిచేసిన, ఆ ఫొటో హక్కులున్న ఐలీన్ స్మిత్ వారి కోరికను మన్నించి కొత్త ప్రచురణలకు దానిని ఇవ్వడం ఆపింది. అంత గొప్ప ఫొటోను జనానికి దూరం చేయడం చరిత్రకు నష్టమన్నవారూ ఉన్నారు.

ఐలీన్ చేతిలో ఒక నెగెటివు, దానిపై హక్కు ఉన్నాయి కనుక ఆపగలిగింది. పాలకొల్లు కుర్రవాడు ఫైళ్లను నెట్‌లో పెట్టిన మరుక్షణం ఆ అధికారం అతని చేయి దాటిపోతుంది. రేపు తండ్రి మనసు మారినా, చెల్లెలు వద్దన్నా వెనక్కి తీసుకోలేడు. కాబట్టి అచ్చు వేసిన ప్రతులను మాత్రమే గోడకు తగిలించి, సందర్శకులను ఫోన్లతో తీయవద్దని కోరి, చెల్లెలి పెళ్లి అయ్యేదాకా సైకిల్, పచ్చబొట్టు కనిపించే ఫొటోలను పక్కన పెట్టి, తల దువ్వుకుంటున్న తండ్రి ఫొటో ఉంచాలా వద్దా అన్నది తండ్రికే వదిలేయడం అతని ముందున్న దారుల్లో ఒకటి. ప్రదర్శన చిన్నదవుతుంది, కొన్ని మంచి ఫొటోలు పెట్టెలో ఉండిపోతాయి. తండ్రి తల్లిని తీయవద్దన్నాడు కానీ, ఆ తల్లికి తన కథ చెప్పాలని ఉందేమో ఎవరూ అడగలేదు. కెమెరా ఒక వారం ఆమె చేతికిస్తే ఆ ఇంటి ఫొటోలు వేరుగా ఉంటాయి.